విదేశంలో రైటింగ్ రిట్రీట్: ముందు గంటల లెక్క, తర్వాతే దేశం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎనిమిది మంది రచయితలు, పది రోజులు, విదేశంలో కలిసి ఉండి రాసుకోవడానికి ఒక అద్దె ఇల్లు. ఏ దేశం ఎంచుకోవాలి, పనులు ఎప్పుడు మొదలుపెట్టాలి, తీరా వెళ్లాక అది విహారయాత్రగా మారిపోకుండా ఏం చేయాలి.

దేశం సంగతి కాసేపు పక్కన పెట్టి కాగితం మీద ఒక లెక్క వేయండి. పది రోజుల్లో వెళ్లడానికొకటి, రావడానికొకటి పోతాయి. దిగిన మర్నాడు నిద్ర తీరక, సామాను సర్దుకుంటూ, సరుకులు తెచ్చుకుంటూ గడిచిపోతుంది. అంత దూరం వెళ్లి ఊరు చూడకుండా ఎవరూ ఉండరు, దానికింకొకటి. బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం నుంచి మనసంతా సూట్‌కేసు మీదే ఉంటుంది. మిగిలేవి ఐదున్నర రోజులు. రోజుకు నాలుగు గంటలు కుదురుగా కూర్చున్నా మొత్తం 22 గంటలు. గంటకు 300 పదాల చొప్పున 6,600 పదాలు. అంటే కొత్త డ్రాఫ్టైతే ఒక పెద్ద కథ, నవలైతే ఒకటి రెండు అధ్యాయాలు. "అక్కడ కూర్చుని నవల పూర్తి చేసేస్తా" అనేవాళ్లు మీలో ఉంటే ఈ లెక్క ముందే చూపించండి. నాలుగో రోజుకి వాళ్లు నీరుగారిపోకుండా ఉంటారు.

మీరు డబ్బు పెట్టి కొంటున్నది ఆ 22 గంటలనే. ఇక మీదట టికెట్టయినా, ఇల్లయినా, వంటయినా ఆ గంటల్ని పెంచుతుందా, మింగేస్తుందా అని చూసుకుని నిర్ణయించండి.

అలా చూస్తే దేశం దానంతటదే తేలుతుంది. మధ్యలో విమానం మారకుండా చేరగలిగే చోటు, ఎయిర్‌పోర్టు నుంచి రెండు గంటల్లోపు ఇల్లు, వీలైతే మూడు నాలుగు గంటలకు మించని టైమ్ తేడా. పేరున్న మహానగరం వద్దు. చూడాల్సినవి ఎక్కువైతే ఎనిమిది మందిలో ముగ్గురు రోజూ బయటికే వెళ్తారు, మిగతా ఐదుగురు వాళ్లు పంపే ఫోటోలు చూస్తూ కూర్చుంటారు. చిన్న ఊరు, నడిచి వెళ్లే దూరంలో ఒక సరుకుల కొట్టు, ఒక మందుల షాపు, సాయంత్రం నడవడానికి ఒక దారి. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

టైమ్ తేడా ఎక్కువగా ఉన్న చోటికే వెళ్లక తప్పదంటే, ఏ దిక్కుకి వెళ్తున్నారో చూసుకోండి. పడమటికి వెళ్తే సాయంత్రానికే కళ్లు మూసుకుపోతాయి, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తుంది. రాసేవాళ్లకు అది వరమే. మొదటి మూడు రోజులూ పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా రాత పెట్టుకోండి, ఎవర్నీ లేపక్కర్లేదు. తూర్పుకి వెళ్తే దీనికి తలకిందులు. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున లేవలేరు. శరీరం సర్దుకోవడానికి సుమారు గంట తేడాకి ఒక రోజు చొప్పున పడుతుంది. తూర్పు ప్రయాణంలో మొదటి రోజు నుంచే ఉదయం సెషన్ పెడితే సగం మంది కునుకుతారు, లేచి వచ్చినవాళ్లు రానివాళ్ల మీద సణుగుతారు. మొదటి రెండు మూడు రోజులు రాతను మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా జరిపి, ఆ తర్వాత ఉదయానికి మార్చండి.

వీసా దగ్గర "మేమంతా ఒక గుంపు" అన్న మాట చెల్లదు. కలిసి అప్లై చేసినా ఎవరి ఫైలు వాళ్లదే. ఏడుగురికి వచ్చి ఒకరికి రాకపోవచ్చు. అందుకే ఇల్లు ఉచితంగా రద్దు చేసుకునే గడువు వీసా నిర్ణయాలు వచ్చే తేదీ తర్వాత పడేలా చూసుకోండి. షెంగెన్ దేశాల్నే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఉదాహరణగా తీసుకుంటే, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇచ్చి తీరాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఇంకా పరిశీలించాలనుకుంటే 45 రోజుల దాకా పట్టొచ్చు. దీనికి తోడు అపాయింట్‌మెంట్ దొరకడమే ఒక తతంగం. ఎనిమిది మందికి ఒకే వారంలో దొరకకపోవచ్చు. మొత్తం మీద ఆరు నెలల ముందు ఇల్లు, నాలుగు నెలల ముందు వీసా పని మొదలైతే నిదానంగా జరుగుతుంది.

గుంపులకు ఎక్కువగా దెబ్బతగిలేది వసతి రుజువు దగ్గర. ఇల్లు ఒకరి పేరు మీద బుక్ అవుతుంది. మిగతా ఏడుగురి ఫైళ్లలో పెట్టే కన్ఫర్మేషన్ మీద వాళ్ల పేర్లు ఉండవు. "మీరు ఎక్కడ ఉంటారు?" అన్న ప్రశ్నకు ఆ కాగితం జవాబు కాదు. బుక్ చేసేటప్పుడే ఎనిమిది పేర్లూ, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తో, ఇవ్వండి. ఆ సైట్ ఒప్పుకోకపోతే ఇంటి యజమాని చేత పేర్లు, తేదీలు, చిరునామా రాయించి సంతకంతో ఒక ఉత్తరం తెప్పించుకోండి. ప్రయాణ వివరాల కాగితం కూడా అందరిదీ ఒకటే అయి ఉండాలి. ఒకరు "సందర్శన" అని, ఇంకొకరు "వర్క్‌షాప్" అని, మూడో ఆయన "సాహిత్య సదస్సు" అని రాస్తే ముగ్గురికీ ప్రశ్నలు వస్తాయి. ఎవరికీ జీతం, ఫీజు లేకుండా కలిసి ఉండి రాసుకునేదైతే చాలా చోట్ల అది మామూలు సందర్శన కిందికే వస్తుంది. మీలో ఒకరు అక్కడ డబ్బు తీసుకుని పాఠం చెబితే మాత్రం దాన్ని పనిగా లెక్కపెట్టే దేశాలున్నాయి. ఆ ఒక్కరి గురించి ముందే కాన్సులేట్‌ని రాతపూర్వకంగా అడగండి.

పాస్‌పోర్టు గడువు విషయంలో బృందమంతటికీ ఒకే నియమం పెట్టుకోండి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా ఆరు నెలలు చెల్లాలి. షెంగెన్‌కి మూడు నెలలు చాలు, పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు. కానీ ఆరు నెలలు అడిగే దేశాలు చాలా ఉన్నాయి. షెంగెన్‌కి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు చాలే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మిగతా దేశాలు అడగకపోయినా తీసుకోండి. పాత జబ్బులు దాచకుండా రాయండి, దాచిన జబ్బుకి క్లెయిమ్ రాదు.

ఇక ఇల్లు. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఫోటోల్లో మంచాలు కనిపిస్తాయి, బల్లలు కనిపించవు. ఎనిమిది మంది పడుకునే ఇంట్లో సాధారణంగా ఉండేది ఒక డైనింగ్ టేబుల్, సోఫా ముందు మోకాలి ఎత్తు టీపాయ్. టీపాయ్ మీద లాప్‌టాప్ పెట్టి గంట రాస్తే నడుం పట్టేస్తుంది. రాతకు పనికొచ్చే బల్ల 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు, కుర్చీ 45 అటూ ఇటూ ఉండాలి. మనిషికి లాప్‌టాప్, నోట్‌బుక్, ఒక కప్పు పెట్టుకోవడానికి కనీసం 70 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. 180 సెంటీమీటర్ల డైనింగ్ టేబుల్ చుట్టూ ఆరుగురు భోంచేయగలరు, నలుగురు మాత్రమే రాయగలరు. కాబట్టి మిగతా నలుగురికి గదుల్లో బల్లలుండాలి, లేదా మడత బల్లలు అద్దెకు దొరకాలి.

యజమానికి పంపాల్సిన ప్రశ్నలు ఇవి. "వై‌ఫై ఉందా", "వేడినీళ్లు ఉన్నాయా" అని అడగొద్దు, "ఉంది" అనే జవాబు వస్తుంది.

ఒక్కో గదిలో ఎన్ని బల్లలు, ఎన్ని కుర్చీలు ఉన్నాయి? నడుస్తూ తీసిన ఒక వీడియో పంపగలరా?
ఒక్కో గదిలో ఎన్ని ప్లగ్ పాయింట్లు? కెటిల్, హీటర్, ఓవెన్ ఒకేసారి వేస్తే ఫ్యూజ్ పోతుందా?
వేడినీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లు?
వై‌ఫై వేగం ఎంత? దూరపు గదిలో ఫోన్ పెట్టి తీసిన స్క్రీన్‌షాట్ పంపండి.
ఎన్ని గదులకు తలుపులు ఉన్నాయి? మెట్ల కింద, హాల్లో వేసిన మంచాల్ని పడకగదుల లెక్కలో కలిపారా?
మేము వెళ్లే తేదీల్లో పక్కన ఏమైనా కట్టడాలు, రిపేర్లు జరుగుతున్నాయా?

ట్యాంకు ఎందుకంటారా? నిమిషానికి 8 లీటర్ల షవర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే 64 లీటర్లు. అందులో చన్నీళ్లు కలిసినా, 100 లీటర్ల ట్యాంకుతో వరసగా మూడో మనిషికి నీళ్లు చల్లబడతాయి. ఎనిమిది మందీ పొద్దున ఏడున్నరకే స్నానానికి వెళ్తే రాత తొమ్మిదిన్నర దాకా మొదలవదు. సగం మంది రాత్రి స్నానం చేస్తారని ముందే పంచుకుంటే సరిపోతుంది.

గది మనిషికొకటి ఉండటం విలాసమేమీ కాదు. ఒకరు అర్ధరాత్రి దాకా రాస్తారు, ఒకరు నాలుగింటికి లేస్తారు, ఒకరు గురక పెడతారు. తప్పక పంచుకోవాల్సి వస్తే స్నేహాన్ని బట్టి కాక నిద్ర వేళల్ని బట్టి జత కలపండి. గదులన్నీ ఒకేలా ఉండవు కాబట్టి పెద్ద గదికి ఎక్కువ వాటా, చిన్నదానికి తక్కువ వాటా అని ముందే రాసుకోండి. గుమ్మంలో సూట్‌కేసులతో నిలబడి తేల్చుకునే విషయం కాదది.

టికెట్లు: చాలా ఎయిర్‌లైన్స్ కనీసం పది మంది ఉంటేనే గ్రూప్ బుకింగ్ కింద చూస్తాయి, ఎనిమిది మందికి అది వర్తించకపోవచ్చు. ఎనిమిది సీట్లు ఒకేసారి వెతికితే ఇంకో చిక్కు ఉంది. తక్కువ ధర తరగతిలో ఐదు సీట్లే మిగిలి ఉంటే, సిస్టమ్ సాధారణంగా ఎనిమిదింటినీ పై ధరలోనే చూపిస్తుంది. ముందు ఒక్క సీటుకి వెతికి ధర చూడండి, తర్వాత రెండు, మూడు చేసి ఎక్కడ పెరిగిందో కనుక్కుని, ఆ హద్దు దగ్గర రెండు బుకింగులుగా విడగొట్టండి. కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొన్న టికెట్లయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా రెండో ఎయిర్‌లైన్‌కి బాధ్యత ఉండదు. పగలు దిగండి. అద్దె ఇళ్లు చాలావరకు మధ్యాహ్నం మూడు నాలుగింటికి గానీ తెరవరు, అందుకని మరీ పొద్దున్నే దిగినా రోడ్డు మీద కూర్చోవాల్సిందే.

ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి బండి మాట్లాడేటప్పుడు మనుషుల లెక్క ఒక్కటే చెప్పకండి. డ్రైవర్‌తో కలిపి తొమ్మిది సీట్ల వ్యాన్‌లో ఎనిమిది మంది కూర్చుంటే వెనక ఎనిమిది పెద్ద పెట్టెలకు చోటుండదు. మనుషులెంతమంది, పెద్ద పెట్టెలెన్ని, చిన్నవెన్ని అని విడివిడిగా రాసి పంపండి. చెకిన్ లగేజీ దెబ్బతిని వస్తే ఏడు రోజుల్లోపు, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లోపు ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలని 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం చెబుతుంది. రిట్రీట్ మొదలైన హడావుడిలో ఏడు రోజులు ఇట్టే దాటిపోతాయి, అందుకే ఎయిర్‌పోర్టు వదలక ముందే కౌంటర్‌లో ఫారం నింపండి.

డబ్బు గురించి కొంచెం మొహమాటం వదిలి మాట్లాడుకోవాలి. ఎనిమిదిలో ఒకరు తప్పుకుంటే ఇంటి అద్దె ఏడుగురి మీద పడి, ఒక్కొక్కరి వాటా సుమారు 14 శాతం పెరుగుతుంది. ఇద్దరు తప్పుకుంటే మూడో వంతు పెరుగుతుంది. ఇల్లు బుక్ చేసే రోజునే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. ఫలానా తేదీ లోపు తప్పుకుంటే అడ్వాన్స్ పోతుంది, ఆ తర్వాతైతే పూర్తి వాటా ఇవ్వాలి, తన బదులు అందరూ ఒప్పుకున్న మనిషిని తెస్తే ఏమీ పోదు. వీసా రాకపోవడం, ఆసుపత్రి పాలవడం లాంటివాటికి మినహాయింపు ఇస్తారా లేదా అన్నది కూడా అందులోనే రాయండి. అక్కడ ఖర్చులకు ఒక ఉమ్మడి జమ, ఒక ఖజాంచి, రోజూ రాత్రి పది నిమిషాల లెక్క. చివరి రోజుకి వాయిదా వేస్తే రసీదులు దొరకవు. కార్డు మెషీన్ మీద మీ సొంత దేశపు కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే నొక్కండి. మార్పిడి రేటు వాళ్లు వేస్తే సాధారణంగా మీకు నష్టమే.

ఇదంతా ఎవరి ఖర్చు వాళ్లు పెట్టుకునే బృందానికి. ఒకరు ప్రకటన ఇచ్చి, ఫీజులు వసూలు చేసి, వసతీ రవాణా కలిపి అమ్మితే మాత్రం కథ మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2015/2302 ఆదేశం ప్రకారం అలాంటి ప్యాకేజీ అమ్మినవారు టూర్ నిర్వాహకుడి బాధ్యతలన్నీ మోయాలి. లాభాపేక్ష లేకుండా, ఎప్పుడో ఒకసారి, పరిమిత బృందానికి మాత్రమే చేసేవాటికి అందులో మినహాయింపు ఉంది.

వెళ్లాక రాత సాగాలంటే కావలసింది మధ్యాహ్న భోజనం దాకా మౌనం. ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు ఎవరూ ఎవరితో మాట్లాడరు. "ఒక్క నిమిషం, ఈ మాటకి సరైన పదం ఏంటి?" అని కూడా అడగరు. ఆ ఒక్క నిమిషం అడిగినవాళ్లకే ఒక్క నిమిషం, వినబడిన నలుగురికీ పావుగంట. టిఫిన్ ఎవరిది వాళ్లు తీసుకునేలా రాత్రే బల్ల మీద పెట్టేయండి. టైపింగ్ చప్పుడు భరించలేనివాళ్లు, చప్పుడు చేసేవాళ్లు వేర్వేరు గదుల్లో కూర్చోవాలి. ఇంటికి ఫోన్ చేసుకునే వేళ కూడా ముందే పెట్టుకోండి, లేకపోతే టైమ్ తేడా వల్ల అటు వాళ్లకి తీరిక దొరికేది సరిగ్గా మీ మౌనం వేళకే.

వంట గంటల్ని మింగేస్తుంది. ఎనిమిది మందికి రాత్రి వంట, గిన్నెలు కలిపి ఇద్దరికి మూడు గంటల పని. ఇద్దరేసి నాలుగు జట్లు చేస్తే ఒక్కో జట్టుకి నాలుగు రోజులకోసారి వంతు వస్తుంది. రాత్రి వండినదే మర్నాడు మధ్యాహ్నానికి సరిపోయేంత చేయండి. స్థానికంగా వంటమనిషి దొరికితే అన్నిటికంటే ముందు దానికి ఖర్చు పెట్టండి, బయటి విహారం తగ్గించుకునైనా.

ఒకరి రచన ఒకరు చదివి చర్చించే సెషన్లు పెట్టుకుంటే పరిమాణం మీద గట్టిగా ఉండండి. మనిషికి 3,000 పదాలు అనుకుంటే ఒక్కొక్కరు చదవాల్సింది 21,000 పదాలు. గుర్తులు పెట్టుకుంటూ రెండుసార్లు చదవాలంటే అది అక్కడ కుదిరే పని కాదు. బయల్దేరడానికి మూడు వారాల ముందే రచనలు అందరికీ చేరాలి. అక్కడికి వచ్చాక "కొత్త వెర్షన్ ఉంది, ఇది చదవండి" అనేవాళ్లకి వద్దని చెప్పండి. ఒక్కో రచనకి 45 నిమిషాలు, సాయంత్రానికి రెండు రచనలు, నాలుగు సాయంత్రాల్లో ఎనిమిదీ అయిపోతాయి. మూడోది పెట్టకండి, అప్పటికి చెప్పేవాళ్లూ వినేవాళ్లూ అలసిపోయి ఉంటారు, ఆ మూడో రచయితకి అన్యాయం జరుగుతుంది.

రచయిత నోరు మెదపకుండా వినే పాత వర్క్‌షాప్ పద్ధతి అందరికీ పడదు. నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ రూపొందించిన నాలుగు దశల పద్ధతి కలిసి ఒకే ఇంట్లో ఉండేవాళ్లకి ఎక్కువ నప్పుతుంది. ముందు చదివినవాళ్లు రచనలో తమను కదిలించిన, గుర్తుండిపోయిన చోట్లు చెబుతారు. తర్వాత రచయిత తన ప్రశ్నలు అడుగుతారు. మూడో దశలో చదివినవాళ్లు అభిప్రాయం దాగి లేని ప్రశ్నలు అడుగుతారు. "ముగింపు ఎందుకంత హడావుడిగా ఉంది?" అన్నది అభిప్రాయం, "ముగింపు ఎంత వేగంగా నడవాలనుకున్నారు?" అన్నది ప్రశ్న. చివరగా ఫలానా విషయం మీద అభిప్రాయం చెప్పనా అని అడిగి, రచయిత సరేనంటేనే చెబుతారు. రాత్రి అదే మనుషులతో ఒకే బల్ల దగ్గర భోంచేయాలి కాబట్టి ఆ అనుమతి అడగడం చాలా గొడవల్ని ఆపుతుంది. మొదటి సాయంత్రం అందరికంటే అనుభవం ఉన్నవారి రచన పెట్టండి, మిగతావాళ్లకి బెరుకు పోతుంది.

సామానులో రచయితలకు మాత్రమే వర్తించేవి కొన్ని ఉన్నాయి. లాప్‌టాప్ చార్జర్ మీద 100–240 వోల్టులని రాసి ఉంటే ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ చాలు. మీ ఇంటి నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకుంటే ఒక్క అడాప్టర్‌తో నలుగురి చార్జర్లు నడుస్తాయి, కెటిల్, హెయిర్ డ్రయర్ మాత్రం దానికి పెట్టకండి. పవర్ బ్యాంకులు చెకిన్ బ్యాగులో వేయకూడదు, చేతి సంచిలోనే. 100 వాట్-అవర్ల లోపువి సాధారణంగా అనుమతి లేకుండానే తీసుకెళ్లొచ్చు. 3.7 వోల్టుల దగ్గర 20,000 ఎమ్‌ఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. మందులు అసలు ప్యాకింగ్‌లో, మందు అసలు పేరు (బ్రాండు పేరు కాదు) రాసిన చీటీతో ఉండాలి. కోడీన్ ఉన్న దగ్గు మందులు కొన్ని దేశాల్లో నియంత్రణలో ఉన్నాయి.

తెలుగులో రాసేవాళ్లు ఫైళ్లు సాధారణంగా అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చుకుని రావాలి. అను లాంటి పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో కంపోజ్ చేసిన కథ ఆ ఫాంటు లేని వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ప్రింటు కావాల్సినవన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి, లేకపోతే విదేశంలోని ప్రింటు షాపులో ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడతాయి. బ్యాకప్ మూడు చోట్ల: లాప్‌టాప్, పెన్‌డ్రైవ్, క్లౌడ్. పెన్‌డ్రైవ్ లాప్‌టాప్ సంచిలో పెడితే రెండూ కలిసే పోతాయి, అది వేరే సంచిలో ఉండాలి.

చేత్తో రాసేవాళ్లు నోట్‌బుక్కులు చెకిన్‌లో వేయొద్దు, సాయంత్రం రాసిన పేజీలు ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. సిరా సీసా చేతి సంచిలో వేస్తే 100 మిల్లీలీటర్ల లోపుదే వేయండి. ఫౌంటెన్ పెన్ను విమానంలో కారడానికి కారణం లోపలి గాలి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున కొండ మీద ఉన్నంతకి తగ్గుతుంది, పెన్నులో చిక్కుకున్న గాలి వ్యాకోచించి సిరాని పాళీ వైపు నెడుతుంది. అందుకే పెన్ను పూర్తిగా నిండుగా గానీ పూర్తిగా ఖాళీగా గానీ ఉండాలి, పాళీ పైకి ఉండేలా నిలబెట్టాలి. వెళ్లేటప్పుడు అందరూ నిండుగా నింపుకునే బయల్దేరతారు, ఏమీ కాదు. తిరుగు ప్రయాణానికి అది సగం ఖాళీ అయి ఉంటుంది. ఆఖరి రాత్రి పెన్ను కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే సంచిలో పెట్టండి.